నీళ్ళ గొంతు నొక్కిందెవరు?

"గొట్టాల్లో గార పోసింది మీరు! మోకాళ్ళ మీద కూచుని గీకింది మేము! తీరా చిల్లు పడేసరికి దోషులం మేమయ్యామా?"

మేస్త్రమ్మ తలుపు తోసిన తోపుకి ల్యాబు బల్ల మీది గాజుగొట్టాలు గలగలమన్నాయి. నీళ్ళ డాక్టరు ఉలిక్కిపడి చేతిలోని సీసా గభాల్న బల్ల మీద పెట్టేశాడు. ఫ్యాక్టరీలో తిరిగే నీళ్ళకి మందు కలిపి, రోజూ వాటి నాడి చూసే కెమిస్టు ఆయన. అందుకే ఆ పేరు.

ఆమె కోపం ఊరికే రాలేదు. అది నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీ. అక్కడ రెండు కూలర్లున్నాయి. కూలరంటే ఇంట్లో గాలి విసిరే పెట్టె అనుకునేరు, కాదు. పడుకోబెట్టిన ఇనుప పీపాలాంటిది. దాని పొట్టనిండా వేళ్ళంత లావు గొట్టాలు. గొట్టాల్లో చన్నీళ్ళు పారతాయి, గొట్టాల చుట్టూ కాలే నూనె పారుతుంది. నూనె వేడిని నీళ్ళు ఎత్తుకుపోవాలి. గొట్టాల లోపల గార పట్టిందా, వేడి ఎక్కడిదక్కడే. అప్పుడు మేస్త్రమ్మ ముఠా దిగుతుంది. మూత విప్పి, రాడ్లు దూర్చి, నీళ్ళ జెట్టు కొట్టి, గారంతా వదిలిస్తుంది.

కిందటి వారం మొదటి కూలరులో ఒక గొట్టానికి చిల్లు పడింది. నీళ్ళు నూనెలో కలిసి ట్యాంకెడు సరుకు నాశనమైంది. ఇవాళ పొద్దున మేనేజరు వచ్చాడు, వంగి చూడనైనా చూడలేదు. "ఇనుప రాడ్లతో పొడిచి పొడిచి మీరే చిల్లు పెట్టారు. సాయంత్రం పాసులు గేటులో ఇచ్చేసి వెళ్ళండి" అన్నాడు. అంతే. ముఠాలో ఉన్న ఆడవాళ్ళందరికీ కూడు పెట్టే పని అది ఒక్కటే. దాన్ని ఒక్క ముక్కలో తెంపేసి, బూట్లకి బురద అంటకుండా వెళ్ళిపోయాడు.

ఆ ముక్క పట్టుకునే ఇప్పుడు మేస్త్రమ్మ నీళ్ళ డాక్టరు మీద పడింది.

"మందు తక్కువేస్తున్నారు మీరు. మందు లేని నీళ్ళకి గార పట్టక పూలు పూస్తాయా?"

"అయిందా?" అన్నాడు నీళ్ళ డాక్టరు. ఆయనా తక్కువవాడు కాదు. "తిట్టడం అయితే ఇలా రా. నేను చెప్తే నమ్మవు కదా, నీ చేత్తోనే చెయ్యి."

గాజుగొట్టంలో కూలింగ్ టవరు నీళ్ళు, అంటే చల్లారి మళ్ళీ కూలర్లకి వెళ్ళే నీళ్ళు పోసి, చిటికెడు రంగుపొడి కలిపాడు. చుక్కల మందు ఆమె చేతికిచ్చాడు. "ఎర్రగా ఉంది కదా. ఒక్కో చుక్కా వెయ్యి. ఎన్ని చుక్కలకి నీలం తిరిగితే నీళ్ళలో అంత సున్నం. గోడ మీద చుక్కల లెక్కకి గీసిన ఆ గీత చూశావా, అది దాటితే తప్పు నాది. అప్పుడు నా పాసు కూడా నీ పాసుల్తో కలిపి ఇచ్చేస్తా."

మేస్త్రమ్మ పంటి బిగువున చుక్కలు వేసింది. గీతకి చాలా ముందే నీలం తిరిగింది. మళ్ళీ ఒకసారి వేసింది. మళ్ళీ అంతే.

వెనక తలుపు దగ్గర నిలబడ్డ వదిన కిసుక్కున నవ్వింది. వదినంటే మేస్త్రమ్మ అన్న భార్య. ముఠాలో జెట్టు పట్టుకునేది ఆవిడే. "ఆడపడుచుగారూ, తిట్లు వెనక్కి తీసుకుంటారా, అప్పుగా ఉంచుకుంటారా?"

"నువ్వుండు వదినా." మేస్త్రమ్మ మొహం ముడుచుకుంది. కానీ తప్పు ఒప్పుకోవడానికి నసిగే మనిషి కాదు. "సరే సార్. మీ మీద అరిచాను, పొరపాటు నాదే. మరి మంచి నీళ్ళే పంపితే లోపలికెళ్ళి అంత గార ఎందుకవుతున్నాయి?"

"అది నన్ను కాదు, గొట్టాన్ని అడగాలి" అన్నాడాయన. కోపం సగం దిగింది. "పదండి, నేనూ వస్తా. నాకూ తెలీదు."

తెలీదని చెప్పిన పెద్దమనిషిని ఆ ఫ్యాక్టరీలో మేస్త్రమ్మ చూడ్డం అదే మొదలు.

*

కడిగే చప్టా మీద మొదటి కూలరు గొట్టాల కట్ట చెక్కదిమ్మల మీద పడుకుని ఉంది, పొట్ట చీల్చిన పెద్ద చేపలాగా. కింద కాలవలో నల్లటి నీళ్ళు. చిల్లుపడ్డ గొట్టాన్ని కట్టలోంచి లాగి పక్కన పెట్టారు. దాని పక్కనే ఇంజినీరమ్మ గొంతుక్కూర్చుని ఉంది. ఉద్యోగంలో కొత్త, మాట మెత్తన. మేనేజరు మాట్లాడేటప్పుడు మాత్రం బూట్లకేసి చూస్తూ నిలబడుతుంది. ఆ సంగతి మేస్త్రమ్మకి ఒళ్ళుమంట.

"పైనుంచి ఎంత చూసినా ఏం లాభం మేడం, కొయ్యండి దాన్ని" అంది మేస్త్రమ్మ. "కడుపులో ఏముందో కోస్తే కదా తెలిసేది."

"నిలువునా కొయ్యాలి" అంది ఇంజినీరమ్మ. "మీరు పట్టుకుంటారా? నాకు ఆ మెషిను అలవాటు లేదు."

వదిన గొట్టాన్ని తొక్కిపట్టింది. మేస్త్రమ్మ కట్టింగ్ మెషిను అందుకుంది. నిప్పురవ్వలు లేచాయి. చివరికి గొట్టం వెదురుబద్దలా రెండు చీలికలైంది.

ఇంజినీరమ్మ ఒక చీలిక మీద వేలితో రాసింది. నూనె వేడిగా లోపలికొచ్చే వైపు తెల్లటి గార, గట్టిగా, పెంకులాగా. "ఇది చూశారా. పంచదార వేడినీళ్ళలో బాగా కరుగుతుంది కదా, ఈ సున్నం సంగతి తిరగబడి ఉంటుంది. వేడి తగిలితే నీళ్ళలోంచి విడిపోయి గోడకి అతుక్కుంటుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టదూ, అదే."

"మా గిన్నెకి పడితే చింతపండు పెట్టి తోముతాం" అంది వదిన. "దీనికేమో నడుం పెట్టి తోముతున్నాం."

రెండో చీలిక మేస్త్రమ్మ చేతిలో ఉంది. గార ఊడిన చోట ఇనుము మీద పొడుగ్గా గీతలు. తమ రాడ్ల గీతలు. త్వరగా తేల్చండి, ప్లాంటు మళ్ళీ నడపాలి అని మెడమీద కూర్చుంటే, బ్రష్షులు అరిగిపోయాయని ఎన్నిసార్లు చెప్పినా కొత్తవి రాకపోతే, ఇనుప ములికి ఉన్న రాడ్లే దూర్చారు. గీత పడ్డ చోట మళ్ళీ మురికి తొందరగా పట్టుకుంటుంది. ఆ మాట ఆమెకి తెలుసు.

చీలికని మెల్లిగా బోర్లా తిప్పింది. ఎవరూ చూడలేదు. వదిన మాత్రం చూసింది. ఆ చూపే ముల్లులా గుచ్చుకుంది. నిజం చెప్పమని ఊరందరి మీదా విరుచుకుపడే నోరు, తన వంతు వచ్చేసరికి చీలికని బోర్లేస్తుందా?

ఛీ అనుకుంది. వెల్లకిలా తిప్పి ఇంజినీరమ్మ ముందు పెట్టేసింది. "ఇవి మావే. దాచను. చిల్లు వీటివల్లే అయితే పాసులు నేనే ఇచ్చేస్తా."

ఇంజినీరమ్మ చాలాసేపు చూసింది. గీతలు పొడుగునా ఉన్నాయి, నిజమే. కానీ చిల్లు గీత మీద లేదు. అడుగువైపు, గోరుమందం బురద పేరుకున్న చోట ఉంది. ఆమె చిన్న కత్తితో బురద పొర లేపింది. దాని కింద ఇంకో గుంట. దాని పక్కన ఇంకోటి. తుప్పు లోపల్నుంచి తినేసిన గుంటలు, పుచ్చిన పన్నులాగా. చిల్లు కూడా అలాంటి గుంటే, కాస్త ముందు పుట్టిందంతే.

"రాడ్డు కాదు, మేస్త్రమ్మా" అంది. "బురద పేరుకుని, దాని కింద తుప్పు పట్టి చిల్లు పడింది."

నీళ్ళ డాక్టరు వంగి బురదని వేలితో తీసి చూశాడు. "నా నీళ్ళలో ఇంత బురద లేదే!"

"గుప్పెడున్నా చాలు" అంది మేస్త్రమ్మ. ఆమె కళ్ళు బురద మీద అతుక్కుపోయాయి. "పరుగెత్తే కాలవ ఒండ్రు మోసుకుపోతుంది సార్. నడక మందగించిన చోటే దించుతుంది. నీళ్ళు తప్పు చెయ్యలేదు. నీళ్ళని ఎవరో నడవనివ్వలేదు."

"అవును" అంది ఇంజినీరమ్మ. "నెమ్మదిగా పోతే గొట్టం గోడ వేడెక్కుతుంది, సున్నం కూడా ఎక్కువ పడుతుంది. రెండు రోగాలకీ మూలం ఒకటే. నీళ్ళ వాల్వుని ఎవరో బిగిస్తున్నారు."

ఎవరో కాదు. చలి పడ్డ రోజుల్లో అన్న ఇంటికొచ్చి గొప్పగా చెప్పే మాట మేస్త్రమ్మ చెవిలో మోగింది: "ఇవాళ గేజీ ముల్లు వెంట్రుకవాసి కదలనివ్వలేదు తెలుసా!"

వదిన వైపు చూసింది. వదిన అప్పటికే చేతి తొడుగులు ఊడదీస్తోంది.

*

అన్న కంట్రోల్ రూము ఆపరేటరు. నూనె వేడి చూపే గేజీ ముల్లు మీంచి చూపు తిప్పడని అందరూ ఆయన్ని 'ముల్లు' అనే పిలుస్తారు. ఆ పేరంటే ఆయనకి బిరుదు. రెండో కూలరు పక్కన, గేజీ కింద నిలబడి ఉన్నాడు. మేస్త్రమ్మా వదినా, వాళ్ళ వెనకే నీళ్ళ డాక్టరూ ఇంజినీరమ్మా అక్కడికొచ్చారు.

"అన్నా, చలికాలం ఈ కూలర్ల నీళ్ళ వాల్వులు బిగిస్తావా?"

"బిగించక? చన్నీళ్ళు ఎక్కువైతే నూనె వెన్నలా గడ్డకడుతుంది. ఫిల్టరు మూసుకుపోతుంది. తిట్లు నీకా, నాకా? నాకు పని నేర్పినాయన అలాగే నేర్పాడు. ముల్లు కదిలిందా, వాల్వుని పిసుకు. అందరం అదే చేస్తాం."

"ఆ పిసకడం వల్లే గార పడుతోంది. చిల్లు కూడా దానివల్లే."

ఆయన మొహం జేవురించింది. "ఓహో. మీ ముఠా మీది నింద నా నెత్తిన రుద్దడానికొచ్చావా? తోడబుట్టినదానివి! పోయి చెప్పు మేనేజరుతో. నా ఉద్యోగం ఊడితే నీ కడుపు చల్లబడుతుంది."

చెప్తే అన్న ఉద్యోగం పోతుంది, అనుకుంది మేస్త్రమ్మ. చెప్పకపోతే ముఠా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వదినే ముందుకొచ్చింది. రెండు అరచేతులూ మొగుడి మొహం ముందు చాపింది. తొడుగులోంచి దూరిన నీళ్ళకి నాని, ముడతలు పడి, తెల్లగా పాలిపోయిన చేతులు.

"ఏమయ్యా, నేను నెలనెలా గీకేది ఏ మహానుభావుడి పుణ్యమా అనుకుంటున్నా. నీదే అన్నమాట. పగలంతా నువ్వు గార పెట్టడం, నెల తిరిగేసరికి పెళ్ళాం కూచుని గీకడం! సంసారం ఇలా కూడా చేస్తారా ఎక్కడైనా?"

నీళ్ళ డాక్టరు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు. ముల్లు అన్న ఆ చేతుల వంకే చూశాడు. ఇంట్లో అవే చేతులు కంచం పెడుతుంటే ఎన్నడూ అలా చూడలేదు కాబోలు.

"నాకు తెలీదే" అన్నాడు చివరికి. "ఒట్టు. ముల్లు సరిగ్గా ఉంటే అంతా సరిగ్గా ఉందనుకున్నా."

"తెలీకపోతే తప్పు లేదు" అంది వదిన. "తెలిశాక కూడా పిసికావో, ఇంటికి రావద్దు."

ఇంజినీరమ్మ గొంతు సవరించుకుంది. "నూనె గడ్డకట్టకుండా ఉండాలంటే నీళ్ళని ఆపక్కర్లేదండీ. నీళ్ళు నిండుగా పోనిచ్చి, వేడినూనెలో కొంత కూలరులోకి పంపకుండా పక్కదారి పట్టించి, చల్లబడ్డ నూనెలో కలిపితే చాలు. ముల్లు అక్కడే నిలబడుతుంది. ఆ పక్కదారి గొట్టం ఇక్కడే ఉంది, చూడండి. కట్టినరోజు నుంచీ ఎవరూ వాడలేదు."

అందరూ చూశారు. రోజూ ఆనుకుని నిలబడే గొట్టమే. దాని మీద ముల్లు అన్న తువ్వాలు ఆరేసుకుంటాడు.

"బావుంది. ఇన్నాళ్ళూ మందుని దండెం చేసుకున్నాం" అంది మేస్త్రమ్మ.

ముల్లు అన్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. నూనె పక్కదారి వాల్వు కాస్త విప్పాడు. తర్వాత ఇన్నాళ్ళూ పిసికిన నీళ్ళ వాల్వు చక్రం పట్టుకుని పూర్తిగా తెరిచాడు. "మేనేజరుతో నేనే చెప్తాలే. నువ్వు చెప్పక్కర్లేదు" అన్నాడు చెల్లెలి మొహం చూడకుండా. మేస్త్రమ్మ ముక్కు చీదుకుంది. జలుబు కాదు.

కానీ ఇంజినీరమ్మ నీళ్ళ గొట్టానికి చెవి ఆనించి వింటోంది. "నీళ్ళు పెరగలేదే" అంది.

ముల్లు అన్న పరుగున వచ్చి నీళ్ళ గేజీ వైపు వంగాడు. నిజమే. వాల్వు బార్లా తెరిచి ఉంది, గేజీలో చలనం లేదు. "నేను పిసికింది కొంచెమే. నీళ్ళు ఇంత నెమ్మదిగా ఎందుకొస్తాయి? ఇంకెక్కడో ఎవరో ఆపుతున్నారు."

నీళ్ళు ఎటు నుంచి వస్తాయో అటు నడిచారు. గొట్టం గోడ దాటింది, వాళ్ళూ దాటారు. గొట్టం కొత్త ప్లాంటు షెడ్డు వెనక వంపు తిరిగింది, వాళ్ళూ తిరిగారు. పంపుల యార్డు చేరేసరికి అందరి కాళ్ళూ ఒక్కసారి ఆగాయి.

పాత కూలర్లకి వెళ్ళే పెద్ద వాల్వు ముప్పాతిక మూసి ఉంది. చక్రానికి గొలుసు. గొలుసుకి తళతళలాడే తాళం.

ఆ వాల్వు పక్కనుంచే కొత్త ప్లాంటుకి ఇంకో గొట్టం చీలుతోంది. దాని వాల్వు బార్లా తెరిచి ఉంది. మూడు పంపుల్లో ఒకటి పట్టా కప్పుకుని నిద్రపోతోంది. పట్టా మీద పిట్టల రెట్టలు. రిపేరు చేస్తారు చేస్తారంటూ ఎప్పటినుంచో అలాగే ఉంది.

"ఉన్న నీళ్ళు కొత్త పెళ్ళికూతురికి" అంది వదిన. "పాతవాళ్ళు గొంతు తడుపుకుంటే చాలు."

"రెండో కూలరుదీ మొదటిదాని వయసే" అంది ఇంజినీరమ్మ. మొహం పాలిపోయింది. "దాని గొట్టాల్లోనూ ఇదే బురద ఉంటుంది. ఇప్పుడు నడుస్తోంది. ఏ క్షణమైనా చిల్లు పడొచ్చు."

"తాళం చెవి ఎవరి దగ్గరుంది?" అడిగింది మేస్త్రమ్మ.

జవాబు దానంతటదే నడిచొచ్చింది. మేనేజరు. సాయంకాలపు ఎండలో నీడ పొడుగ్గా ముందు పడుతోంది, నడుముకి తాళాల గుత్తి ఊగుతోంది. "ఇక్కడేం చేస్తున్నారు? పాసులు గేటులో ఇవ్వమన్నాను కదా!"

ముల్లు అన్న ఒకడుగు ముందుకేశాడు. "సార్, చిల్లు మా చెల్లెలి ముఠా పెట్టింది కాదు. నీళ్ళ వాల్వు నేను బిగించేవాణ్ణి. తప్పు నాది. కానీ మిగతా ముప్పాతిక మీ తాళానిది."

"కొత్త ప్లాంటు చూడ్డానికి పెద్దవాళ్ళు వస్తున్నారు. అది ఆగకూడదు. వాళ్ళు వెళ్ళాక ఈ సంగతి చూద్దాం" అన్నాడు మేనేజరు, ఈగని తోలినట్టు. "ఇంజినీర్! వీళ్ళని ఇక్కణ్ణించి పంపించండి."

ఇంజినీరమ్మ బూట్లకేసి చూడలేదు. చప్టా నుంచి వెంట తెచ్చిన గొట్టం చీలికని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుంది. "చిల్లు కారణం నేను నా కళ్ళతో చూశాను సార్. నేను పంపించను."

మేస్త్రమ్మ వెనక్కి చూసింది. చప్టా దగ్గర ఉన్న ముఠా ఆడవాళ్ళు ఒక్కొక్కరే యార్డులోకి వస్తున్నారు. తడిచీరలు, ముంజేతులదాకా బురద. ఎవరి మెడలోంచీ పాసు ఊడలేదు. ఆమె నడిచి వెళ్ళి తాళం ముందు నిలబడింది. చెయ్యి చాపింది.

"పాసులు అడిగారు కదా సార్, వినండి, ముందు మేం అడుగుతాం. ఈ తాళం ఇప్పుడు తియ్యాలి. వాళ్ళొచ్చి వెళ్ళాక కాదు, వాళ్ళు చూస్తుండగా కూడా కాదు, ఇప్పుడు. ఆ పంపు మీద పట్టా లాగి మెకానిక్కుని పిలవాలి. అది తిరిగేదాకా కొత్త ప్లాంటు ఆగాలి. రెండో కూలరు ఆపి, విప్పి, గొట్టం గొట్టం చూడాలి. మాకు ఇనుప రాడ్లు వద్దు, బ్రష్షులు ఇవ్వండి. గీత పడకుండా తోమి చూపిస్తాం. నీళ్ళు నిండుగా పారాక, మా చేతులు తోమాక, మళ్ళీ చిల్లు పడితే అప్పుడు మా పాసులు మీ టేబుల్ మీదికి మేమే తెచ్చి పడేస్తాం. అందాకా ఒక్కటీ ఇవ్వం. ముందు తాళం చెవి నా చేతిలో పెట్టండి."